నీటి వేడి: అతి రహస్యం

బంగాళాఖాతం నీరు ఎంత వెచ్చగా ఉందో చేపలకు తెలుసు. వేటకు వెళ్లే మత్స్యకారులకూ కాస్తో కూస్తో తెలుసు. తెలియకూడనిదల్లా పరిశోధన చేసే కుర్రాడికే. వాడు అడిగాడంటే చాలు, అది దేశ భద్రత వ్యవహారమైపోతుంది.

తీర దేశాల పెద్దలు అప్పుడప్పుడూ ఏ స్టార్ హోటల్లోనో కలుస్తుంటారు. వెనక ‘ప్రాంతీయ సహకారం’ అని నీలిరంగు ఫ్లెక్సీ. సముద్రానికి సరిహద్దులు లేవంటూ శ్రీరంగ నీతులు, శాలువాలు, రొయ్యల వేపుడు. మర్నాడు ఎవరి ఊరికి వాళ్లు చేరి, ఎవరి హార్డ్‌డిస్కుకు వాళ్లు తాళం వేసుకుంటారు.

వీళ్లకన్నా ఆర్గో ఫ్లోట్ నయం. ఉత్త గొట్టం. వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2,000 మీటర్ల దాకా దిగి, పైకొచ్చే దారంతా నీటి వేడి, ఉప్పదనం కొలిచి, ఉపగ్రహానికి చెప్పేసి మళ్లీ మునుగుతుంది. ఇరవై నాలుగు గంటల్లో ఆ లెక్కలు లోకమంతటికీ ఉచితం. పై అధికారి లేడు కదా, పని జరిగిపోతోంది!

అయితే అది లోతు నీళ్లలో తిరిగేది. తీరం దగ్గర మనుషులు పూనుకోవాలి. చిక్కంతా అక్కడే. 1982 నాటి సముద్ర చట్టం ప్రకారం పరాయి పరిశోధన నౌక 200 నాటికల్ మైళ్ల లోపల పని చేయాలంటే ఆరు నెలల ముందే వివరాలిచ్చి అనుమతి పొందాలి. బాగుంది. మరి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసిందే, అది ఎవరికి దరఖాస్తు పెట్టుకుంది? తుపాను బలం పుంజుకునేది పైనీటితోనే కాదు, అడుగున దాగిన వేడితో కూడా. తీరం దగ్గర ఆ వేడి లెక్కలకేమో తాళం.

పంచుకోవడం చేతకాక కాదు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రగర్భం కంపించాక అలలు మన తూర్పు తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అలలు చేరాయి గానీ కబురు చేరలేదు. హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక వ్యవస్థే లేదప్పుడు. అన్ని దేశాల్లో కలిపి రెండు లక్షలకు పైగా ప్రాణాలు పోయాక 2007లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో హెచ్చరిక కేంద్రం వెలిసింది. 2011 నుంచి భారత్, ఆస్ట్రేలియా, ఇండోనేసియా పొరుగు దేశాలకు కూడా హెచ్చరికలు పంపుతున్నాయి. శవాల లెక్క తేలితే గానీ నీటి లెక్క బయటికి రాదన్నమాట!

కాబట్టి అయ్యలారా, తీర్మానాలు చాలు. బోయా చెప్పింది, అలల మట్టం చూసే పరికరం చెప్పింది ఏ రోజుకారోజు అందరికీ కనబడేలా పెట్టండి. శత్రువు చూస్తాడని భయమా? శత్రువు జలాంతర్గామిలో థర్మామీటరు ఉంటుంది. లేనిదల్లా మన కుర్రాడి దగ్గరే.