పొగ చూసి చెప్పేవాళ్ళం

మా రోజుల్లో ట్రాక్టర్ స్టార్టు కాలేదంటే ముందు బానెట్ లేచేది. ఇప్పుడు ఫోను లేస్తోంది. దమ్ము చేస్తుండగా మడి మధ్యలో బండి ఆగిపోతే, గట్టు మీద నిలబడి షోరూముకి ఫొటో పంపుతున్నారు. ఏం ఫొటో అది? ఆగిన ట్రాక్టరూ నడిచే ట్రాక్టరూ ఫొటోలో ఒక్కలాగే ఉంటాయి. అవతలివాడు "రేపు పొద్దున మనిషిని పంపుతాం సార్" అంటాడు. కాలవ వంతు రేపటిదాకా ఆగుతుందా? నాట్లకి మాట్లాడుకున్న కూలీలు ఆగుతారా?

మొన్నొక కుర్రాడు మా పాత మాసీ ట్రాక్టర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, "తాతా, స్పార్క్ ప్లగ్గెక్కడ? తీసి గరుకు కాగితంతో రుద్దేస్తా" అన్నాడు. వాడికి తెలిసిందల్లా మోటార్ సైకిలు. డీజిల్ ఇంజనుకి స్పార్క్ ప్లగ్గూ లేదు, నిప్పురవ్వా లేదు నాయనా. గాలిని పదహారు, పదిహేడో వంతుకి నొక్కేస్తే అదే 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి నాజిల్ సన్నగా డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. పాత బండిలో తాళం తిప్పితే జరిగేదల్లా సెల్ఫు తిరగడమే. అందుకని మొరాయించిన బండిని అడగాల్సినవి మూడే: సరిపడా జోరుగా తిరుగుతున్నావా, నీకు డీజిల్ అందుతోందా, లోపల గాలి గట్టిగా నొక్కుకుంటోందా. మా ఊళ్ళో బడి మానేసి పాలేరుతనానికి వచ్చినవాడికి కూడా ఈ మూడూ నోటికొచ్చు. ఇప్పుడు ఇంజనీరింగ్ పాసైనవాడికి నేను చెప్పాల్సి వస్తోంది.

దేనికైనా ముందు సైలెన్సర్ వైపు చూసేవాళ్ళం. సెల్ఫు కొడుతుంటే పొగ అసలే రాలేదంటే డీజిల్ లోపలికి పోవడం లేదు. తెల్లపొగ వస్తూ అంటుకోలేదంటే డీజిల్ పోతోంది, వేడి చాలడం లేదు. చలికాలం తెల్లవారుజామునో, రింగులు అరిగిన ఇంజనులోనో ఇదే తంతు. అంటుకుని నల్లగా కక్కుతోందంటే గాలి చాలడం లేదని. ఎయిర్ క్లీనర్ కింద గిన్నె విప్పితే నూనె కాస్తా గడ్డకట్టిన బురదై ఉండేది. రూపాయి ఖర్చు లేని పరీక్ష ఇది. కానీ ఇప్పుడు సెల్ఫు కొట్టేవాడు డాష్‌బోర్డు దీపాలు చూస్తాడు, తల పైకెత్తడు.

పొగ రాకపోతే నూటికి తొంభైపాళ్ళు గాలి పట్టిందనే. ట్యాంకు ఎండేదాకా తోలినా, ఫిల్టర్ మార్చినా, ట్యాంకు పైపు దగ్గర వాషర్ వదులైనా గాలి పడుతుంది. ఆ వాషర్ సంగతి చాలామందికి తెలియదు. ఫీడ్ పంపు డీజిల్‌ని లాక్కునే వైపు కాస్త సందుంటే అక్కడ చుక్క కూడా బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. "ఎక్కడా లీకు లేదే" అని చుట్టూ తడుముతూ కూర్చుంటారు. మేం కొత్త రాగి వాషర్ కోసం పట్నం పరిగెత్తేవాళ్ళం కాదు. పాతదాన్నే పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో పడేస్తే మెత్తబడి మళ్ళీ కొత్తదానికి మల్లే అతుక్కుంటుంది. ఇనుమును అలా చేస్తే గట్టిపడే ప్రమాదం ఉంది గానీ రాగికి ఆ బాధ లేదు.

ఇక గాలి తీయడం. దానికో వరస ఉంది, తొందరపడితే కుదరదు. ముందు స్టాప్ నాబు లోపలికి నొక్కి ఉందో లేదో చూసుకోవాలి. నవ్వకండి, పట్నం నుంచి మేస్త్రీని పిలిపించి, టీ ఇప్పించి, తీరా అతనొచ్చి లాగి ఉన్న నాబుని లోపలికి తోసి డబ్బు తీసుకుపోయిన సంఘటనలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. తర్వాత ఫిల్టర్ మీద స్క్రూ కాస్త వదులు చేసి, ఫీడ్ పంపు కింద చేతి మీట కొట్టాలి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత కళ్ళు కడుక్కున్నట్టు తేటగా డీజిల్. అప్పుడు స్క్రూ బిగించి ఇంజెక్షన్ పంపు దగ్గరి స్క్రూకి రావాలి. అక్కడా అయ్యాక నాజిల్ నట్లు అర చుట్టు వదిలి, యాక్సిలేటర్ పూర్తిగా తెరిచి సెల్ఫు కొట్టించాలి. నట్టు సందుల్లోంచి డీజిల్ చిమ్మగానే ఒక్కొక్కటే బిగించుకుంటూ పోతే ఒక సిలిండరు దగ్గుతుంది, రెండోది అందుకుంటుంది, మూడోది కూడా కలిసేసరికి బండి ఒళ్ళు విదిలించుకుని లేస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒక్కోసారి చేతి మీట ఎంత కొట్టినా వదులుగా ఊగుతుందే తప్ప డీజిల్ రాదు. పంపు పాడైందని తీసి పారేసినవాళ్ళున్నారు. పాడవలేదు. లోపల కామ్ షాఫ్టు ఆ పంపుని అప్పటికే పూర్తిగా ఎత్తిపట్టిన చోట ఇంజను ఆగి ఉంటుంది, అందుకని మీటకి నొక్కేందుకు ఏమీ మిగలదు. ఇంజనుని ఒక్క చుట్టు తిప్పితే మీటలో బిగువు తిరిగొస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది మంచి పంపులు పారేసుకున్నారో.

సెల్ఫే తిరగకపోతే కథ వేరు. హెడ్‌లైటు వేసి తాళం తిప్పేవాళ్ళం. లైటు పూర్తిగా కుంగిపోతే బ్యాటరీ బలహీనం, లేదా టెర్మినల్ దగ్గర పట్టు లేదు. లైటు ఏమాత్రం తగ్గక, సెల్ఫూ పలకకపోతే కరెంటు అక్కడిదాకా రావడమే లేదు. సోలినాయిడో, స్విచ్చి తీగో. కటకటమని కొట్టుకుంటూ తిరగకపోతే మళ్ళీ బ్యాటరీనే అనుమానించాలి. కాసేపు కొట్టాక టెర్మినల్ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలేదే దొంగ. బాడీకి బిగించిన ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా ఇదే తీరు. కొత్త బ్యాటరీ కొని కూడా స్టార్టు కాలేదని ఏడ్చేవాళ్ళని చూస్తే, ఆ పట్టీని ఒక్కసారి గీకితే పోయేదానికి ఇంత డబ్బా అని ఒళ్ళు మండుతుంది.

పాతవన్నీ మంచివేనని నేననను. స్క్రూడ్రైవర్ పెట్టి సెల్ఫు మీద రెండు బోల్టులూ కలిపి స్టార్టు చేసే అలవాటు మా కాలంలో మొదలైందే. అలా చేసేవాడు వెనక చక్రం ముందు నేల మీద నిలబడి ఉంటాడు. గేరులో ఉందన్న సంగతి చూసుకోకపోతే బండి అంటుకున్న మరుక్షణం అతని మీదికే వస్తుంది. ప్రాణాలే పోయాయి అలా. న్యూట్రల్లో లేకపోతే సెల్ఫు తిరగనివ్వని స్విచ్చి పెట్టింది అందుకే. దాన్ని తీగతో తప్పించి "అన్నా, జుగాడ్ చేశా" అని గొప్ప చెప్పుకునేవాణ్ణి ఈ వయసులో కూడా కర్ర తీసుకుని తరమాలనిపిస్తుంది.

ఒక్కో బండిదీ ఒక్కో గుణం. 1959లో ఫరీదాబాద్‌లో మొదలైన ఐషర్‌ది గాలితో చల్లబడే ఇంజను, రేడియేటర్ గొడవే లేదు. 1971 నుంచి పింజోర్‌లో తయారైన హెచ్ఎంటీ జెటార్ రెండు సిలిండర్లది, మొండిది. 1974లో స్వరాజ్ వచ్చినప్పుడు పూర్తిగా మన దేశం వాళ్ళే గీసిన బండి అని చెప్పుకున్నాం. మహీంద్రా బి-275కి చలిలో లోపలి గాలిని కాచే హీటర్ ప్లగ్గులుండేవి. పందిట్లో సీరియల్ బల్బుల్లా వరసగా కలిపి ఉండటంతో ఒకటి కాలిందంటే అన్నీ చల్లబడేవి. డిసెంబర్ పొద్దుటిపూట మా వాళ్ళు ప్లగ్గుల జోలికి పోకుండా, డీజిల్లో ముంచిన గుడ్డ వెలిగించి గాలి గొట్టం దగ్గర పెట్టేవాళ్ళు. అది మంచి పనని చెప్పడం లేదు. బండి మాత్రం లేచేది.

మరి ఇప్పటి బండి? తాళం తిప్పగానే లేస్తుంది, పొగ లేదు, ఒప్పుకుంటాను. 2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకి ట్రెమ్ ఫోర్ కాలుష్య నిబంధనలు వచ్చాయి. దాంతో పెద్ద బండ్లలో నాజిళ్ళన్నిటికీ డీజిల్ అందించే కామన్ రైలు గొట్టం, కంప్యూటరు పెట్టె, సెన్సర్లు చేరాయి. పాత నాజిల్ రెండొందల బార్ దగ్గరగా తెరుచుకునేది. ఈ రైల్లో ఒత్తిడి వెయ్యి దాటుతుంది. ఇందాక చెప్పినట్టు నాజిల్ నట్టు వదిలి సెల్ఫు కొడితే ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అంటే నా చేతి విద్య అక్కడ పనికిరాదు సరే. దాని బదులు రైతుకి ఏ విద్య ఇచ్చారు? అదీ నా కోపం.

మా బండితో వచ్చిన పుస్తకంలో గాలి తీయడానికి బొమ్మలతో సహా ఒక పేజీ ఉండేది, ఏ స్క్రూ ముందో బాణం గుర్తు పెట్టి. మా పక్క పొలం ఆయన కొత్త బండి పుస్తకం తిరగేశాను. సీటు ఎలా జరుపుకోవాలో వివరంగా ఉంది. బండి స్టార్టు కాకపోతే మాత్రం డీలర్‌ని సంప్రదించాలట. ఆయనది మొన్న అలాగే ఆగిపోయింది. షోరూమ్ మనిషి తీరిగ్గా వచ్చి, ల్యాప్‌టాప్ తగిలించి, ఏదో కోడు చదివి, ఒక ప్లగ్గు సాకెట్టు ఊడదీసి అందులో బురద ఊది మళ్ళీ నొక్కాడు. లేచింది. బిల్లు రాశాడు. ఆ కోడు ఏమిటని అడిగితే అది మీకు అక్కర్లేదన్నాడు. సొంత డబ్బుతో కొన్న బండి ఏమంటోందో సొంతదారుకి అక్కర్లేదా? ఆ సాకెట్టు ఎక్కడుంటుందో ముందే చెప్పి ఉంటే ఆయన నోటితో ఆయనే ఊదుకునేవాడు కదా.

బండి అమ్మేటప్పుడు ఫ్లెక్సీ కట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టించి ఫొటో తీయించే ఓపిక ఉన్నవాళ్ళకి, ఊరికొక కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఈ సెన్సర్ ఇక్కడ, ఈ ఫ్యూజు ఇక్కడ అని చెప్పే ఓపిక లేదు. చెప్తే బిల్లు తగ్గుతుంది కాబోలు. అది వాళ్ళు చేసేది ఎప్పటికో. ఈలోగా కొత్త బండివాళ్ళయినా పాత బండివాళ్ళయినా బ్యాటరీ టెర్మినళ్ళ మీద పేరుకున్న ఆ తెల్లటి పొక్కు వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కాస్త వాసలిన్ రాయండి. దానికి ఏ కంప్యూటరూ అక్కర్లేదు.