ఒక్కసారి చూసి వెళ్ళిపోతాం!

పసిబిడ్డను చూడ్డానికి వచ్చే తెలుగువాడు ఎప్పుడూ ఉండటానికి రాడు. "అయిదే అయిదు నిమిషాలు, ఒక్కసారి చూసి వెళ్ళిపోతాం" అని ఫోన్‌లో ముందే హామీ ఇస్తాడు. ఆ అయిదు నిమిషాల్లోనే రెండు విడతల కాఫీ, ఓ ప్లేటు పకోడీ, బిడ్డ ముక్కు ఎవరిదన్న చర్చ, బంధువర్గంలో ఇటీవల జరిగిన కాన్పులన్నింటి సమీక్ష పూర్తవుతాయి. కాఫీ పెట్టేది ఎవరంటారా? రాత్రంతా బిడ్డను భుజాన వేసుకుని తిరిగిన అమ్మమ్మగారు. "ఏమీ వద్దొదినా, శ్రమ పడకండి. ఒకటి మాత్రం చక్కెర లేకుండా" అని ఆవిడ శ్రమను తగ్గిస్తారు కూడా.

వెళ్ళకపోతే బాగుండదట. ఎవరికి బాగుండదు? బిడ్డకా? పుట్టి వారం కాని పసికందుకు జానెడు దూరం దాటితే మనిషి ముఖం సరిగా ఆనదు. రోజులో పదిహేను, పదహారు గంటలు నిద్రే. ఎవరొచ్చారో ఎవరు రాలేదో హాజరుపట్టీ రాసుకునే ఓపిక, ఆసక్తి ఆ ప్రాణికి లేవు. పోనీ తల్లికా? కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. రెండు గంటలకోసారి లేచి పాలిచ్చి, మధ్యాహ్నం కాస్త కన్ను మూతపడుతుండగా కాలింగ్ బెల్ మోగితే సంతోషించే బాలింత ఇంకా పుట్టలేదు. బాగుండనిదల్లా చుట్టరికాల పద్దుకే. "మా మనవడు పుడితే ఫలానావాళ్ళు గడప తొక్కలేదు" అన్న మాట ఆ మనవడి పెళ్ళిలో కూడా వినిపిస్తుంది. ఆ ఒక్క మాట పడకుండా ఉండటానికే ఈ దండయాత్రలన్నీ.

వచ్చిన వాళ్ళు నిద్రపోతున్న బిడ్డను చూసి తృప్తి పడరు. "ఓసారి లేపమ్మా, కళ్ళు చూద్దాం" అంటారు. బిడ్డ ఏడుస్తుంది. ఏడిస్తే "పాలు చాలట్లేదేమో" అని తేలుస్తారు. ఆ వెంటనే చెవి తమ్మె మడిచి రంగు పరీక్ష జరుగుతుంది, ఎందుకంటే అసలు రంగు చెవిలోనే తెలుస్తుందట. బంగారం గీటు చూసే షరాబు కూడా అంత నిష్ఠగా చూడడు. ఆడపిల్ల అయితే "పోనీలే, లక్ష్మీదేవి" అంటారు. అభినందనలో 'పోనీలే' ఎందుకు వచ్చిందని అడిగే ధైర్యం ఆ గదిలో ఎవరికీ ఉండదు.

తర్వాతి ప్రశ్న తల్లికి. "నార్మలా, ఆపరేషనా?" 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ఆపరేషన్లే. ఇన్ని కోతలు ఎందుకని ఆసుపత్రులను నిలదీయాల్సిందే. కానీ ఆ పని ఎవరూ చెయ్యరు, కోత పడిన మనిషిని మాత్రం నిలదీస్తారు. "మా అత్తగారు చేలో కలుపు తీస్తూ తీస్తూ కనేసిందట, సాయంత్రానికి మళ్ళీ వంట" అని ఒకావిడ చెబుతుంది. ఆ అత్తగారు బతికుంటే ఆమెనడగాలి, అది ఘనకార్యమో గతిలేక చేసిన పనో.

డబ్బాపాలు మొదలుపెట్టమనే సలహా ఎలాగూ ఉంటుంది. డబ్బాపాల ప్రకటనలను మన పార్లమెంటు 1992లోనే చట్టం చేసి నిషేధించింది. మంచం అంచున కూర్చున్న పెద్దమ్మ ప్రకటన కాదు కనుక చట్టానికి చిక్కదు. ఇంకొకాయన నాలుకకు ఓ చుక్క తేనె రాయమంటాడు. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదకరమని పిల్లల డాక్టరు చెప్పాడంటే, "మేమందరం తాగి పెరగలేదూ?" అని ఎదురు ప్రశ్న. తాగి పెరగని వాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పలేరు కదా.

ఇక నోటు. చేపల బజారు, ఆటో, పాన్‌ డబ్బా తిరిగి వచ్చిన అయిదొందల నోటును బిడ్డ గుప్పిట్లో కుక్కుతారు. అరచేతికి ఏది తగిలినా బిగించి పట్టడం పుట్టిన ప్రతి బిడ్డా చేసే పనే, వేలు పెట్టినా పడుతుంది. మనవాళ్ళకు మాత్రం అందులో భవిష్యత్ బ్యాంకు మేనేజరు కనిపిస్తాడు. "గట్టివాడే, డబ్బు వదలట్లేదు!" అందరూ నవ్వుతుండగా ఆ గుప్పిట నేరుగా నోట్లోకి పోతుంది.

చేతులు కడుక్కుని ఎత్తుకోండి అంటే చాలు, ముఖాలు మాడిపోతాయి. "మేమేం బయటివాళ్ళమా?" ఈ రోషం పాతదే. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మల్‌వైస్ అనే డాక్టరు, కాన్పు చేసే ముందు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడగాలని పట్టుబట్టాడు. సూతికా జ్వరంతో పోయే బాలింతల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. అయినా తోటి డాక్టర్లలో చాలామందికి అది అవమానంగా తోచింది. ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. మన ఇళ్ళలో సబ్బు మాట ఎత్తిన కోడలిని పిచ్చాసుపత్రికి పంపరు. "చదువుకున్నది కదా, అందుకే" అని ఊరుకుంటారు.

వెనకటికి పురిటి మైల అని పది రోజులు ఎవరూ ముట్టుకునేవారు కాదు. బాలింతను గాలి ఆడని చీకటి గదిలో ఒంటరిగా పడేసిన ఆచారం అది. పోవడమే మంచిది. అయితే మనం మైలతో పాటు గది తలుపు కూడా పీకేశాం, దిష్టిని మాత్రం భద్రంగా దాచుకున్నాం. చుట్టాలు వెళ్ళగానే అమ్మమ్మగారు ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తారు. చేతులు కడగమని అడగలేని ఇంట్లో ఆవిడకు దక్కిన వైద్యం అదొక్కటే. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో దోమతెర ఉండేది. చుట్టాలతెర కూడా పెట్టి ఉంటే బాలింతలు ఇంకాస్త దీవించేవారు.

అంతగా ప్రేమ పొంగితే ముందు ఫోన్ చేసి, పథ్యం ఏమిటో కనుక్కుని, క్యారేజీ కట్టుకుని వెళ్ళండి. బిడ్డను తల్లి దగ్గరే ఉండనిచ్చి, సింకులో గిన్నెలు తోమండి. అమ్మమ్మగారిని రెండు గంటలు పడుకోమనండి. దగ్గో జలుబో ఉంటే ఇంట్లోనే ఉండండి. కోరింత దగ్గు నుంచి కాపాడే టీకా మొదటి డోసు మన దేశంలో ఆరు వారాలకు గానీ వెయ్యరు. కనీసం అందాకా ఆగండి.