సూది కోసం సోదికెళితే

ఇంగ్లండులో నొప్పి తెచ్చుకోదలచినవారు అది ఒంట్లో ఎక్కడ రావాలో ముందే ఆలోచించుకోవడం మంచిది. తలలో వస్తే అక్యుపంక్చర్ సూదికి పెద్దల ఆమోదం ఉంది. నడుంలో వస్తే లేదు. అరిగిన మోకాల్లో వస్తే అసలే లేదు. ఎందుకొచ్చిందో ఎవరికీ అంతుబట్టకపోతే మాత్రం మళ్ళీ ఉంది.

ఆ పెద్దల పేరు నైస్. నేషనల్ హెల్త్ సర్వీసులో ఏ వైద్యం చెయ్యవచ్చో, ఏది దండగ ఖర్చో తేల్చి చెప్పే సంస్థ. 2012లో అది, రోజూ వేధించే తలనొప్పికి అయిదు నుంచి ఎనిమిది వారాల్లో పది సార్ల దాకా సూదులు గుచ్చి చూడవచ్చంది. 2016లో నడుంనొప్పికి సూది ఊసెత్తవద్దంది. అరిగిన కీళ్ళకు 2014లో ఒకసారి, 2022లో మరోసారి వద్దే వద్దంది. ఈ మధ్యలోనే, 2021 ఏప్రిల్లో, మూడు నెలలు దాటినా వదలక, ఫలానా కారణమని తేల్చడానికీ వీల్లేని నొప్పికి 'క్రానిక్ ప్రైమరీ పెయిన్' అన్న పేరు తగిలించి, దానికి సూది పరవాలేదంది.

కాబట్టి లెస్టర్లో నడుం పట్టేసిన తెలుగు పెద్దాయన తెలివైనవాడైతే ఆ నొప్పిని వెన్ను మీదుగా మెల్లగా తలకెక్కించుకోవాలి. అది చేతకాకపోతే కారణమైనా మరిచిపోవాలి. "ఎయిర్‌పోర్టులో పెట్టె ఎత్తానండీ, అప్పట్నుంచీ ఇంతే" అన్నాడో, చెడ్డాడు. "ఏమోనండీ, ఊరికే ఒళ్ళంతా నొప్పులు" అన్నాడా, సూదికి అర్హుడు.

వీళ్ళందరికన్నా అదృష్టవంతులు 2009లో నడుం పట్టేసినవాళ్ళు. ఆ ఏడాది మే నెలలో ఇదే నైస్, ఇదే నడుంనొప్పికి, పన్నెండు వారాల్లో పది సార్లు సూదులు గుచ్చించుకోవచ్చని రాసింది. అప్పటికీ 2016కీ మధ్య మనిషి వెన్నుపూసల సంఖ్య మారినట్టు దాఖలా లేదు. సూది కూడా అదే సూది.

2009 నాటి ఆ కాగితంలో మరో వాక్యం కూడా ఉంది. మామూలు నడుంనొప్పికి వెన్నులోకి ఇంజెక్షన్లు ఇవ్వవద్దని. ఇంకేముంది, కొంప మునిగింది. సన్న సూదిని పొగిడితే ఓర్చుకునేవారే గాని, లావు సూది జోలికొస్తే ఊరుకుంటారా? ఆ కాగితం రాసిన బృందంలో పాల్ వాట్సన్ అనే ఆయన ఉన్నాడు. లెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు, చదివింది ఫిజియోథెరపీ, అప్పుడు బ్రిటిష్ పెయిన్ సొసైటీకి అధ్యక్షుడు. ఆ వేసవిలోనే సభ్యులు ఓట్లేసి ఆయన్ని కుర్చీలోంచి దింపేశారు. నొప్పి తగ్గించడానికి పుట్టిన సంఘం తన అధ్యక్షుడితోనే నొప్పి పెట్టడం మొదలుపెట్టింది. సన్న సూదిలో మందుండదు. లావు సూదిలో మందు ఉంటుంది, ఇంకా ఏమేముంటాయో ఇచ్చేవారికే ఎరుక.

ఇంతకూ సన్న సూది చేసిన నేరమేమిటి? దొంగ సూదిని మించలేకపోవడం. 2007లో జర్మనీవాళ్ళు అచ్చువేసిన ప్రయోగం చూడండి. 1,162 మంది నడుంనొప్పివాళ్ళు, మూడు జట్లు. ఒక జట్టుకు చైనా శాస్త్రం చెప్పిన చోట, చెప్పిన లోతున సూదులు. రెండో జట్టుకు శాస్త్రం చెప్పని చోట, పైపైన సూదులు. మూడో జట్టుకు మామూలు వైద్యం, అంటే మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత లెక్క తీస్తే అసలు సూది జట్టులో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. దొంగ సూది జట్టులో 44.2 శాతానికి. మామూలు వైద్యం జట్టులో 27.4 శాతానికి.

ఏ బడిలోనైనా సరే, ముగ్గురు పిల్లలకు 47, 44, 27 మార్కులొస్తే మేష్టారు బెత్తం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళతారు? ఈ బడిలో మాత్రం మొదటివాణ్ణి నిలబెట్టి, "రెండోవాడికన్నా మూడు మార్కులేరా ఎక్కువ, సిగ్గులేదూ?" అని బెంచీ ఎక్కించారు. 27 వాడు మందుల బీరువా తాళంచెవులు చేతిలో పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. మూడో జట్టువాళ్ళకు తమకు కొత్తదేమీ దక్కలేదని తెలుసు గనక ఉక్రోషంతో మార్కులు తక్కువేసి ఉంటారన్నది పండితుల వాదన. నిజమే కావచ్చు. అయితే జీపీ డాక్టరు ఇచ్చిన చీటీ పట్టుకుని మందుల షాపు ముందు నిలబడ్డ ప్రతివాడికీ ఆ ఉక్రోషమే కదా ఉండేది!

సూదివాళ్ళు అప్పుడే జబ్బలు చరుచుకోనక్కరలేదు. 2009లో అమెరికాలో ఇంకో ప్రయోగం జరిగింది, 638 మంది మీద. ఈసారి దొంగ సూది కూడా కాదు, పళ్ళు కుట్టుకునే పుల్ల. సూదిని నడిపించే గొట్టంలో ఆ పుల్లను పెట్టి చర్మం మీద పొడిచి తీసేశారు, అంతే. ఎనిమిది వారాలకు సూదివాళ్ళలోనూ పుల్లవాళ్ళలోనూ 60 శాతం మందికి చెప్పుకోదగ్గ గుణం, మామూలు వైద్యంవాళ్ళలో 39 శాతానికి. వేల ఏళ్ళ విద్య, గోడ మీద వేలాడే నాడుల పటం, ప్రాణశక్తి ప్రవాహాలు, మూడేళ్ళ డిగ్రీ, అన్నీ కలిసి హోటల్ బల్ల మీది పుల్లను ఓడించలేకపోయాయి. దీని గురించి అడిగితే సూదివాళ్ళు "పుల్లతో పొడిచినా ఆ బిందువులు మేల్కొంటాయి" అంటారు. మేల్కొనడానికి అంత ఆత్రపడే బిందువులకు డిగ్రీలున్న మనిషి దేనికి?

చట్టం కూడా వాళ్ళను పెద్దగా గౌరవించినట్టు లేదు. డాక్టర్లకూ నర్సులకూ ఉన్నట్టు అక్యుపంక్చర్ చేసేవారికి బ్రిటన్‌లో చట్టబద్ధమైన మండలి లేదు. ఇంగ్లండులో చాలాచోట్ల 1982 నాటి స్థానిక పాలన చట్టం కింద కౌన్సిలు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, ఆ చట్టంలో వాళ్ళ పక్కన కూర్చున్నది పచ్చబొట్టు పొడిచేవాడు, చెవులు కుట్టేవాడు, కరెంటుతో వెంట్రుకలు తీసేవాడు. కౌన్సిలు చూసేది సూది శుభ్రంగా ఉందా అని. అది పనిచేస్తుందా అన్నది కౌన్సిలు గొడవ కాదు.

సరే, సూదికి పరీక్ష పెట్టారు, సంతోషం. సూది కోసం సోదికెళితే పాత రంకులు బయటపడ్డాయని మన సామెత. ఇక్కడా అచ్చం అదే జరిగింది. సూదిని నిలదీసే ఊపులో మాత్రల బీరువా కూడా తెరిచారు.

ముందు పారాసెటమాల్. కొత్తగా పట్టుకున్న నడుంనొప్పికి అది ఇచ్చి చూసిన ఆస్ట్రేలియా ప్రయోగం 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది, 1,652 మందితో. అసలు మాత్ర మింగినవారు సగటున 17 రోజుల్లో కోలుకున్నారు. ఉత్తుత్తి మాత్ర మింగినవారు 16 రోజుల్లో. ఒక రోజు లాభం, అదీ ఏమీ లేని మాత్రతో! 2016లో నైస్ నడుంనొప్పికి ఒక్క పారాసెటమాలే ఇవ్వడం మానుకోమంది. 2021 వచ్చేసరికి, కారణం దొరకని పాతనొప్పికి మొదలుపెట్టకూడని మందులంటూ ఒక చిట్టా రాసింది. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ జాతి మాత్రలు, నల్లమందు సంతతి ఓపియాయిడ్లు, గాబాపెంటిన్, నిద్రమాత్రల కుటుంబం, స్టెరాయిడ్ సూదులు. ఇంకేం మిగిలింది? దిగులుకిచ్చే మాత్రలు. అవి మాత్రం ఇవ్వవచ్చట. ఇక స్లౌలో మందుల షాపు నుంచి తెచ్చిన అమిట్రిప్టిలిన్ పొట్లంలోని కాగితాన్ని కోడలు చదివి వినిపించగానే ఇంట్లో జరిగే రభస ఊహించుకోండి. "కాళ్ళు పీకుతున్నాయంటే మతి చలించిందనుకున్నాడా ఆ డాక్టరు? ఇండియాకి టిక్కెట్టు తీయించు!"

ఆ చిట్టా వచ్చేనాటికి జనం ఏం మింగుతున్నారో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ 2019లోనే లెక్క తీసింది. 2017-18 లెక్కల్లో ఓపియాయిడ్లు రాయించుకున్న పెద్దలు 56 లక్షలు. గాబాపెంటిన్ రకాలు 15 లక్షలు. దిగులు మాత్రలు 73 లక్షలు. నిద్ర, ఆందోళన మాత్రలు కూడా కలిపితే ఇంగ్లండులో నలుగురు పెద్దవాళ్ళలో ఒకరు వీటిలో ఏదో ఒకటి మింగినవారే. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్‌లు మత్తుపదార్థాల చట్టం కిందికి వచ్చింది కూడా 2019లోనే, ఏప్రిల్ 1న. తేదీ ఎవరు ఎంచారో గాని రసికులు.

షాపులో చీటీ లేకుండా దొరికే కో-కోడమాల్ డబ్బా మీద పెద్దక్షరాలతో హెచ్చరిక ఉంటుంది. అలవాటు పడే ప్రమాదం ఉంది, మూడు రోజులే వాడండి అని. పాతనొప్పి అని ఎప్పుడంటారు? మూడు నెలలు దాటితే. మూడు నెలలు దాటిన నొప్పికి మూడు రోజుల మాత్ర! మిగిలిన రోజులు ఎవరిని తలుచుకోవాలో డబ్బా మీద రాయలేదు, చోటు చాలలేదేమో.

నొప్పి చోటును బట్టి వైద్యం మారాలన్న సిద్ధాంతాన్ని నైస్ కన్నా శ్రద్ధగా పాటించిన సంస్థ ఒకటుంది. స్లౌలో కొలువున్న రెకిట్ బెంకిజర్, న్యూరోఫెన్ యజమాని. ఆస్ట్రేలియాలో వీరు నడుంనొప్పికో డబ్బా, మైగ్రేన్‌కో డబ్బా, బిగుతు తలనొప్పికో డబ్బా, నెలసరి నొప్పికో డబ్బా అమ్మారు. మామూలు న్యూరోఫెన్ కన్నా ధర రెట్టింపుకు దగ్గర. నాలుగు డబ్బాల్లోనూ ఉన్నది ఒకటే, 342 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ లైసీన్. 2015లో అక్కడి ఫెడరల్ కోర్టు ఇది జనాన్ని తప్పుదోవ పట్టించడమేనంది. ముందు వేసిన 17 లక్షల డాలర్ల జరిమానా చాలదని అదే కోర్టు ఫుల్ బెంచి అప్పీలులో 2016 చివర 60 లక్షలు చేసింది. పాపం రెకిట్ వారికి దారి తెలియలేదు. ఒకే వస్తువు నడుంలో ఒకలా తలలో ఒకలా పనిచేస్తుందని డబ్బా మీద రాస్తే జరిమానా. మార్గదర్శకాల్లో రాస్తే శాస్త్రం.

మనవాళ్ళు ఈ గొడవల్లో తలదూర్చలేదు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం పెట్టారు, ఆ లాభాలతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. తలనొప్పి తగ్గించిన డబ్బుతో పత్రిక నడిపి, పాఠకులకు కొత్త తలనొప్పులు సరఫరా చేసిన ఘనత ప్రపంచంలో ఇంకెవరికైనా దక్కిందా? ఆ పచ్చసీసా హీత్రోలో దిగే ప్రతి తెలుగు అత్తగారి పెట్టెలోనూ నేటికీ ఉంటుంది. దొంగ అమృతాంజనంతో పోటీ పెట్టమని అడిగే ధైర్యం ఏ అల్లుడికీ లేదు.

మాత్ర ఓడిందని నైసే ఒప్పుకుంది కదా, మరి చీటీ మీద మాత్రే ఎందుకు? పొద్దున ఎనిమిదింటికి ఫోన్లు చేసి, లైనులో వేచి, దక్కించుకున్న అపాయింట్‌మెంటు పది నిమిషాలు. అందులో కోటు విప్పడానికి రెండు. "ఎక్కడండీ నొప్పి?" అని అడిగే డాక్టరు మన గుంటూరు మెడికల్ కాలేజీ మనిషే అయినా ఆయన గడియారం లండన్‌ది. నొప్పి ఎప్పుడు మొదలైందో, రాత్రి షిఫ్టుల్లో పెరుగుతోందో, ఇంట్లో ఎవరితో మాటల్లేవో వినడానికి గంట పడుతుంది. మాత్ర రాయడానికి నలభై సెకన్లు. ఆ మాత్ర తగ్గించేది గదిలో మనిషిని. అరవై దాటితే ఇంగ్లండులో మందులు ఉచితం, వేల్సులో, స్కాట్లండులో అందరికీ ఉచితం. ఊళ్ళో సూదివాడి దగ్గరికెళితే గుమ్మం ఎక్కిన ప్రతిసారీ జేబుకే చిల్లు.

నైస్‌కి ఈ సంగతి తెలియదా? బాగా తెలుసు. 2021లో సూదికి తలుపు తెరుస్తూ పెట్టిన షరతులు చూడండి. ఆస్పత్రిలో కాకుండా బయటి క్లినిక్కులో గుచ్చాలి. గుచ్చేవారి జీతం హెల్త్ సర్వీసు జీతాల మెట్లలో బ్యాండ్ 7 దాటకూడదు. ఒక రోగి మీద మొత్తం అయిదు గంటలకు మించి ఖర్చుపెట్టకూడదు. నొప్పి కొలత సంగతెలా ఉన్నా మనిషి సమయానికి మాత్రం కొలపాత్ర సిద్ధంగా ఉంది. ఆ జర్మనీ ప్రయోగంలో మొదట ఇచ్చింది అరగంట చొప్పున పది సార్లు, కూడితే సరిగ్గా అయిదు గంటలు. అరగంట సేపు ఒక మనిషి పక్కన ఉండి, చెయ్యివేసి, "ఇప్పుడెలా ఉంది?" అని అడగడం వల్లే దొంగ సూదికీ 44 వచ్చి ఉంటాయని నా అనుమానం. దానికి నాడుల పటమూ అక్కర్లేదు, ఫార్ములా పేటెంటూ అక్కర్లేదు. అందుకే అమ్మేవాడూ లేడు.

అందుచేత నైస్ వారికి నా విన్నపం ఒకటి. సూది మీద పంతం ఉంటే సూదిని వదిలెయ్యండి. పుల్లను ఆమోదించండి. రక్తం రాదు, కౌన్సిలు రిజిస్టరూ బహుశా అక్కర్లేదు, అలవాటు పడినా పళ్ళు బాగుపడతాయి. చీటీ మీద "పుల్ల, వారానికి రెండుసార్లు, భోజనం తర్వాత" అని రాస్తే మన పెద్దాయనలు కూడా అభ్యంతరపెట్టరు. ఖర్చంటారా, వంద పుల్లల పెట్టె వెల ఒక్క ప్రిస్క్రిప్షన్ రుసుములో పదోవంతు ఉండదు. ఒక్కటే చిక్కు. ఆ పుల్ల పట్టుకుని అరగంట కూర్చునే మనిషిని మీరు ఉద్యోగంలోకి తీసుకోవాలి. ఆ పోస్టుకు ప్రకటన ఎప్పుడు వేస్తారో చెబితే, నడుం పట్టుకుని లైనులో నిలబడతాం.