పడని చేపకు శాస్త్రం ఎక్కువ

అక్టోబర్ వచ్చిందంటే అట్లాంటాకు ఉత్తరాన ఉన్న లేక్ లేనియర్ మీద ఒక సిద్ధాంతం తేలుతుంది. చలికాలం రాబోతోందని బాస్ చేపకు తెలిసిపోతుందట. పొట్ట నింపుకునే ఆరాటంలో కంటపడిన ప్రతిదాన్నీ మింగుతుందట. గాలం వేసేవాడికి ఏడాదిలో ఇంతకు మించిన కాలం లేదట. ఇది నమ్మి, తెల్లారకముందే పికప్ ట్రక్కుకు పడవ తగిలించుకుని వెళ్ళినవాళ్ళు చాలామంది మధ్యాహ్నానికి ఉత్త చేతులతో తిరిగొస్తారు. సిద్ధాంతం మాత్రం చెక్కుచెదరదు. వచ్చే శనివారానికి మళ్ళీ సిద్ధం.

చేప ఆకలి గురించి వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. నీళ్ళు చల్లబడేకొద్దీ బాస్ తింటుంది, నిజమే. ఏం తింటుంది? షాడ్, హెర్రింగ్ అనే చిరుచేపల్ని. ఆ ఏడు పుట్టిన పిల్లలన్నీ ఎదిగి, శరత్తు నాటికి అవి మందలు మందలుగా తిరుగుతుంటాయి. చుట్టూ అన్ని నిజం చేపలు ఈదుతుండగా, వాటి మధ్య మనం వేలాడదీసిన ప్లాస్టిక్ చేపను వెతుక్కుంటూ అది రావాలి. పెళ్ళి పంక్తిలో కూర్చున్నవాడికి కిటికీలోంచి మైనపు లడ్డూ చూపించి, ఆకలి మీదున్నాడు కదా, ఎందుకు అందుకోడూ అని బుర్ర గోక్కోవడం ఇది.

కానీ ప్లాస్టిక్ చేప అమ్మేవాడు ఈ మాట ఒప్పుకుంటాడా? తప్పు రంగుది అంటాడు. ఎండకో రంగు, మబ్బుకో రంగు, బురదనీటికో రంగు. పచ్చ గుమ్మడికాయ రంగు ప్లాస్టిక్ పురుగు పనిచేయకపోతే అదే పురుగుకి తోక కొసన కాస్త పసుపు అద్దింది కొనాలి. పడవలో పెట్టెలు పెరుగుతాయి. ఆ అరల్లో ఉన్న రంగులు చీరల దుకాణంలో కూడా ఉండవు. వాటిలో సగం, నా అనుమానం, చేపల కోసం కాదు, కొనేవాళ్ళ కోసమే తయారవుతాయి.

ఇక చేప పడనప్పుడు చెప్పే కారణాలు. వీటిల్లో మహారాజు 'టర్నోవర్'. లేనియర్ పక్కనే ఫోర్సైత్ కౌంటీలో మనవాళ్ళు బోలెడుమంది. అక్కడ ఆదివారం సాయంత్రం వినబడే సంభాషణ ఇలా ఉంటుంది.

"ఏమన్నా, పడ్డాయా?"

"ఎక్కడ తమ్ముడూ! లేక్ టర్నోవర్ అవుతోంది."

తమ్ముడు గంభీరంగా తలాడిస్తాడు. ఇంకో ప్రశ్న వెయ్యడు. వేసి ఉంటే బాగుండేది, ఎందుకంటే టర్నోవర్ అనేది నిజంగానే ఉంది. వేసవిలో లోతైన జలాశయం పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చని నీళ్ళు, కింద చల్లని బరువైన నీళ్ళు. అడుగు పొరకు గాలి తగలదు, అక్కడ ప్రాణవాయువు తరిగిపోతుంది. చలి ముదిరేకొద్దీ పైనీళ్ళు చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతాయి. చివరికి పొరలు కలిసిపోయి అడుగునీళ్ళు పైకొస్తాయి. కొన్నాళ్ళు రంగు మారుతుంది, వాసనా వస్తుంది. అయితే డ్యామ్ దగ్గర దాదాపు 150 అడుగుల లోతున్న లేనియర్‌లో ఈ కలయిక పూర్తయ్యేసరికి నవంబర్ గడిచి డిసెంబర్ కూడా రావచ్చు. మన అన్నలకు మాత్రం సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవు మర్నాడే మొదలవుతుంది.

టర్నోవర్ అక్కరకు రాని వారాలకు వేరే సరుకుంది. గాలి లేకపోతే నీళ్ళు అద్దంలా ఉన్నాయి, చేప మనల్ని చూసేసింది. గాలి ఉంటే పడవ నిలవలేదు. నిన్న వాన పడింది, అందుకే. నిన్న వాన పడలేదు, అందుకే. పున్నమి వెన్నెల్లో రాత్రంతా తినేసి పగలు పడుకున్నాయి. డ్యామ్‌లో కరెంటు కోసం నీళ్ళు వదల్లేదు కాబట్టి ప్రవాహం లేదు. ఈ చివరిదానిలో తప్పు నేరుగా అమెరికా సైన్యం మీదికి పోతుంది, బ్యూఫర్డ్ డ్యామ్ కట్టి నడుపుతున్నది ఆర్మీ ఇంజనీర్లే కాబట్టి. చట్టహూచీ నది మీద 1950లలో కట్టిన ఆ డ్యామ్ వరద ఆపడానికి, కరెంటు తీయడానికి. ఇప్పుడు అట్లాంటా గొంతు తడిపేదీ అదే. ఆ నీళ్ళ కోసం జార్జియా, అలబామా, ఫ్లోరిడాలు ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్టుకున్నాయి. మూడు రాష్ట్రాల గొడవ సరే, శనివారం పొద్దున మన అన్నకు రెండు చేపలు పడేలా గేటు ఎత్తాలన్న ధ్యాస ఒక్కరికీ లేదు.

38,000 ఎకరాల నీరు. మన నాగార్జునసాగర్ విస్తీర్ణంలో సగం కన్నా కాస్త ఎక్కువ. అంత నీటిలో చేప ఎక్కడుందో తెలియకపోవడమే ఒకప్పుడు ఆటలో సరదా. దానికీ మందు కనిపెట్టారు. 2018లో గార్మిన్ సంస్థ లైవ్‌స్కోప్ అనే సోనార్ తెచ్చింది. పడవ ముందు నీళ్ళలో చేప ఈదుతుంటే, ఈదుతున్నట్టే తెరమీద కనిపిస్తుంది. మన ఎర దిగడం, చేప దగ్గరికి రావడం, చూసి మొహం తిప్పుకుని పోవడం, అన్నీ ప్రత్యక్ష ప్రసారమే. తిరస్కారాన్ని ఇంత ఖర్చుపెట్టి చూసుకునే జాతి మరొకటి ఉండదు. చివరికి పోటీలు పెట్టేవాళ్ళకే ఇది మితిమీరిందనిపించి, మేజర్ లీగ్ ఫిషింగ్ 2025లో తన ప్రధాన పోటీల్లో దీన్ని రోజుకు మూడు విడతల్లో ఒక్కదానికే పరిమితం చేసింది.

ఇంత చేసి, అడిగితే చెప్పేదేమిటి? "చేప కోసం కాదండీ, ప్రశాంతత కోసం." వారమంతా ఆఫీసులో రెండు తెరలు చూసి అలసిన మనిషి, సేద తీరడానికి మూడు తెరలున్న పడవెక్కుతాడు. 250 గుర్రాల ఇంజను, గంటకు 70 మైళ్ళ వేగం. సరుకులన్నీ కలిపితే కొత్త పడవ ధర లక్ష డాలర్లు దాటడం వింత కాదు. ఆ ప్రశాంతతకు నెలనెలా వాయిదా కట్టాలి.

ప్రకృతి ప్రేమ సంగతీ చూద్దాం. లేనియర్ అడుగున చేపలు దాక్కోవడానికి వెదురు కట్టలు, కొమ్మలు రహస్యంగా ముంచుతారు. ఆ చోట్ల జీపీఎస్ గుర్తులు బ్యాంకు లాకరు తాళంకన్నా భద్రం. అక్కడ లోతుల్లోంచి లాగిన చేపకు గాలితిత్తి ఉబ్బి, తిరిగి మునగలేక పైనే తేలుతుంది. అప్పుడు సూదితో పొడిచి గాలి తీస్తారు. దవడకు కొక్కెం, కడుపుకు సూది, మొహానికి కెమెరా, ఆపైన "పో తల్లీ" అని నీళ్ళలోకి. దీన్ని దయ అంటారు. తినే ఉద్దేశంతో పట్టేవాడు ఆటవికుడు.

ఆ లెక్కన జార్జ్ పెర్రీ పరమ ఆటవికుడు. ఇదే జార్జియాలో, 1932 జూన్ 2న, పొలం దున్నడానికి వీల్లేనంత వాన పడిందని ఈ ఇరవై ఏళ్ళ రైతుబిడ్డ స్నేహితుడితో మాంట్‌గోమరీ లేక్ అనే మడుగుకు వెళ్ళాడు. ఇద్దరికీ కలిపి ఎర ఒకటే. పట్టిన లార్జ్‌మౌత్ బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోలు. తూకం వేయించి, ఇంటికి తెచ్చి, వండుకుని తిన్నారు. సోనార్లు, ఉపగ్రహాలు, రంగుల పెట్టెలు అన్నీ వచ్చాక కూడా ఆ ప్రపంచ రికార్డును దాటినవాడు లేడు. 2009లో జపాన్‌లోని బీవా సరస్సులో ఒకాయన సమానం చేశాడు, అదీ బతికున్న చేపను ఎరగా వేసి. పెర్రీది జూన్ కాబట్టి, మన శరత్ శాస్త్రం ప్రకారం ఆ చేప పడనే కూడదు.

మన ఊళ్ళలో కొర్రమీనుకు కప్పను గుచ్చి, గాలం వేసి గట్టున కూర్చునేవాడు కూడా చాలా రోజులు ఉత్త చేతులతోనే ఇంటికొస్తాడు. "ఇవాళ పడలేదు" అంటాడు. మూడు మాటలు కూడా కావు.

కాబట్టి ఈ శరత్తులో ఎవరైనా ఫోను తీసి మీకు చేప ఫోటో చూపిస్తే, చేపను చూడకండి. పట్టుకున్న మోచేతిని చూడండి. చెయ్యి కెమెరా వైపు తిన్నగా చాచి ఉంటే, చెప్పిన బరువులో సగం అక్కడికక్కడే కోసెయ్యండి. మిగతా సగం గురించి అడిగారో, టర్నోవర్ మొదలవుతుంది.