శ్వేతోద్యాన ప్రకటనకు టీకాతాత్పర్యములు

మూలము: «క్లబ్ హౌస్ ముందు వైట్ థీమ్ మూన్‌లైట్ గార్డెన్ ఏర్పాటు చేయడమైనది. నివాసితులు ఆనందించగలరు. పూలు కోయరాదు.»

అవతారిక: మా నివాససముదాయపు సంఘమువారు లిఫ్టు ద్వారముల చెంత అంటించిన ఈ గద్యము పరిమాణమున అల్పమయ్యును అర్థగాంభీర్యమున సూత్రగ్రంథములకు తీసిపోవనిది గనుకను, వ్యాఖ్యానము లేనిచో మందమతులు దీనిని వట్టి నోటీసని భ్రమపడుదురు గనుకను, ఈ టీకకు పూనుకొనవలసివచ్చెను. మెదకుసీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసకావ్యములకు వ్యాఖ్య రచించుచు, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిజ్ఞ చేసెను. అందు మొదటిదానిని నేనును పాటింతును. రెండవదానిని పాటించినచో ఈ టీకయే పుట్టదు.

క్లబ్ హౌస్ ముందు: సుగమము.

వైట్ థీమ్: సర్వవర్ణములు ఉండగా తెలుపే ఏల? కవిసమయమును ఎఱిగినవారికి ఈ శంక కలుగదు. కీర్తి తెల్లనిది, నవ్వు తెల్లనిది, అపకీర్తి నల్లనిది, కోపము ఎఱ్ఱనిది అని ఆలంకారికుల మతము. సరస్వతీదేవి ధావళ్యమును వర్ణింపబూని పోతన శరన్మేఘము, చంద్రుడు, కర్పూరము, హంస, మల్లెదండ, మంచు, నురుగు మొదలుగా లోకమునందలి తెల్లని వస్తువులనెల్ల ఒక్క పద్యమున ప్రోవుచేసి, ఆమె ముందు అవన్నియు చాలవన్నట్లు నిలిపెను. గడచిన ఏడు నిర్వహణరుసుమును పెంచిన కార్యవర్గమునకు లభించిన యశస్సు ఏ రంగున ఉండెనో సర్వసభ్యసమావేశమునకు వచ్చినవారెల్లరు ఎఱుగుదురు. ఆ నలుపును మఱపించుటకు నిరువది కుండీల తెలుపు కావలసివచ్చుట సహజమే. పనిలో పనిగా కవిసమయములలోని దోహదప్రకరణమును కూడ వారు పరికించియున్న బాగుండెడిది. స్త్రీ పాదతాడనముచే అశోకము, ఆమె పుక్కిటి మద్యముచే వకుళము, అనగా మన పొగడ, పుష్పించునని కదా పెద్దలు చెప్పుదురు; క్లబ్బుహౌసు గుమ్మమున పొగడచెట్టు ఉన్నచో శనివారపురాత్రులందు దోహదద్రవ్యమునకు లోపముండదు.

ఇక ఈ ఏకవర్ణవ్రతము ఎచ్చటిదో విచారింతము. ఇంగ్లండునందు కెంట్ మండలమున సిస్సింగ్‌హర్స్ట్ కోటలో వీటా సాక్‌విల్-వెస్ట్ అను రచయిత్రి 1950 ప్రాంతమున తెల్లపూలతోను, బూడిదవన్నె ఆకులతోను ఒక తోటను కూర్చెను. సంధ్యవేళ తెల్లని గుడ్లగూబ ఆ పాలిపోయిన తోటమీదుగా నిశ్శబ్దముగా ఎగిరిపోవుట చూడవలెనని ఆమె ముచ్చట. (మా సముదాయమున గుడ్లగూబ కనబడినచో తోటను మెచ్చుకొనుటకు మాఱుగా శాంతి చేయింతురు.) ఆ దేశమున వేసవి సంధ్య గంటలకొలది సాగును, ఆ మసకవెలుతురులో తక్కిన రంగులు ఆఱిపోవగా తెలుపొక్కటే మిగిలి వెలుగును. అది ఆ అక్షాంశమున పుట్టిన సౌందర్యము. మనకో, ప్రొద్దుక్రుంకిన కొలదిసేపటికే చీకటి. రోహిణికార్తె మధ్యాహ్నమున తెల్లని టైల్సుమీద తెల్లని కుండీలలో తెల్లని పూలు కంటికి చేయు ఉపకారమేమో కంటివైద్యులు చెప్పవలెను. ఈ నేలమీద తెల్లపూవు కన్నులకొఱకు పుట్టినది కాదు. చీకటిలో తిరుగు రెక్కపురుగులను పిలుచుటకు వాసనను నింపుకొని, ఆ పిలుపునకు వచ్చినవానికి ఆనవాలుగా మాత్రమే తెలుపును ధరించినది. అందుచేత మనవారు తెల్లపూలతోటను ముక్కుతో వేసిరి.

ఎట్లనగా, మల్లె వేసవికి, జాజి వానలకు, మొల్ల చలికి. మూడు పాదులున్నచో సంవత్సరము గడచిపోవును. పైగా మల్లె ఎంత మానవతి! చలికాలమున కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, నీరు మాన్పి ఎండగట్టిననే గాని ఎండలు ముదిరిన తరువాత విరగబూయదు. సకలపుష్పములు వాడు ఋతువున అది నవ్వుటకు కారణము ఆ తపస్సే. గుత్తుల బొద్దుమల్లె వేఱు, తీగసాగు మల్లె వేఱు. సన్నజాజికి పందిరి కావలెను, విరజాజికి గోడ చాలును. పొద్దుగూకువేళ కోసిన మొగ్గ దండలోనే విచ్చవలెను గాని తీగమీద విచ్చరాదని మా ఇంటి పెద్దవారి శాసనము. ఆ లెక్కను కోయుటయే పూయుటకు ముందుమెట్టు. ఇట్లు మల్లెపాదు చెంత కూర్చుంటిమేని రాత్రి గడచిపోవును, ప్రకృతమునకు వత్తము.

గార్డెన్: కడియపు నర్సరీలనుండి లారీమీద దిగినవి ఇవి: తెల్ల నూఱువరహాలు, తెల్ల బిళ్ళగన్నేరు, తెల్ల కాగితపుపూలు. రాత్రికి కాసింత వాసన ఇచ్చునది ఒక్కటియు లేదు. కడియమున అట్టివి కఱవై కాదు. శీతకాలమున బోసిపోవును గాన మల్లె పనికిరాదని తోట గీసిన యువకుడు సెలవిచ్చెను. రాధామనోహరము మొదటిరాత్రి తెల్లగా విచ్చి, మఱునాటికి గులాబివన్నె, ఆపై ఎఱుపు తిరుగును గాన వ్రతభంగకారిణి.

మూన్‌లైట్: ఆగ్రాలో యమున ఆవలిగట్టున మెహతాబ్ బాగ్ అని వెన్నెలతోట ఒకటి కలదు, అందలి అష్టకోణపు కొలనున తాజమహలు నీడ పడునట్లు కట్టిరి. అచ్చట చంద్రుడు పనిచేసెను. ఇచ్చట పదునొకండు ఫ్లడ్‌లైట్లు తెల్లవార్లు పనిచేయుచున్నవి.

ఆనందించగలరు: «నిర్వహణరుసుము 5వ తేదీలోగా చెల్లించగలరు» అను పూర్వప్రయోగమును బట్టి ఇది విధ్యర్థకమే. ఆనందమునకు గడువుతేది మాత్రము చెప్పబడలేదు.

పూలు కోయరాదు: ఈ నిషేధము కాగితపుపూలకు వర్తించునా? వర్తింపదని నా పక్షము. అందు తెల్లగా కనబడునవి పూలు కావు, రంగుమాఱిన ఆకులు. అసలుపూవు నడుమ వడ్లగింజంత. మఱి పారిజాతమునకు? రాలినపూవు పూజకు తగదను నియమమునకు అపవాదముగా ఆ చెట్టు క్రింద ఏఱుకొన్నవియే దేవునికి ప్రీతి. కోయకయే లభించు పూవున్నచో నిషేధము వ్యర్థమగును. సూత్రకారులు ఈ చిక్కును ముందే గ్రహించి, పార్కింగు గళ్ళలో పూలు రాలి కార్లకు అంటుచున్నవను హేతువు చూపి, ఆ చెట్టునే కోయించిరి. కాడ పగడపువన్నె గాన థీమునకును సరిపడదట! వేకువనే మూడవ అంతస్తు ముసలమ్మగారు సజ్జ పట్టుకొని దిగివచ్చి, మొదలును చూచి, ఎవరిని ఏమియు అనక మరల లిఫ్టు ఎక్కిరి. ఇచ్చట టీకాకారునికి మాట తోచలేదు.

తాత్పర్యము: పూలున్నవి, వాసన లేదు, వెన్నెలయున్నది, చంద్రుడు కనబడడు, తోటయున్నది, చేయి పెట్టరాదు. మూర మల్లెలమ్ము ఆమెకు లోనికి రాక లేదు. వచ్చినవారి పుస్తకమున «ఎవరిని చూడవలెను» అను గడికి అందఱినియు అని వ్రాయుటకు వీలులేదట. కావున ఆడవారు గేటు బయటనే కొని, తుఱుముకొని, సాయంకాలము తోటబల్లలమీద కూర్చుందురు. అట్టి ఒకానొక సాయంకాలమున అధ్యక్షులవారు అటుగా వచ్చి, గట్టిగా గాలి పీల్చి, పెట్టిన డబ్బునకు తోట న్యాయము చేసినదని సంతసించిరి. ఇది భ్రాంతిమదలంకారము.