రెక్టిఫైయర్ ఏ పాపం ఎరుగదు

పాత వాల్వు రేడియో గొంతు బొంగురుపోతే అందరూ ముందు అనుమానించేది వాల్వులనే. ఇందులో విద్యుత్తు గురించిన జ్ఞానం కంటే మనిషి బద్ధకం పాలు ఎక్కువ. వెనక అట్ట విప్పగానే కంటపడేవి అవే. ఎర్రగా వెలుగుతాయి, ముట్టుకుంటే చుర్రుమంటాయి, పట్టి లాగితే ఊడి చేతికొస్తాయి. చేతికొచ్చినవాడి మీద కేసు పెట్టడం తేలిక. ఛాసిస్ అడుగున, నల్లబడ్డ మైనం పూసుకుని, రెండు కాళ్లకూ టంకం వేయించుకుని కదలకుండా పడుకున్న కండెన్సరు జోలికి ఎవరూ పోరు. దాని మొహం చూడాలంటే నాబులు పీకాలి, అడుగు మరలు విప్పాలి, స్పీకరు తీగలు జాగ్రత్తగా తప్పించి ఛాసిస్‌ను పెట్టెలోంచి లాగి బోర్లా పడుకోబెట్టాలి. అంత శ్రమ పడేకన్నా ఒక వాల్వు మార్చి చూద్దామనిపిస్తుంది. అందుకే నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను: వాల్వు రేడియోలో వోల్టేజీ తగ్గిన చోటే జబ్బు ఉందని నమ్మితే చాలాసార్లు నిర్దోషికి శిక్ష పడుతుంది. వోల్టేజీ ఎక్కడ తగ్గిందన్నదాని కంటే, కరెంటు ఎవరు తాగేస్తున్నారన్నది ముఖ్యం.

ఆ కాలపు ఏసీ సెట్లలో తరచుగా కనిపించే జంటను తీసుకుందాం. మెయిన్స్ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫైయర్ ఈజెడ్80, స్పీకర్ని మోగించే ఔట్‌పుట్ వాల్వు ఈఎల్84. మొదటిది ఇంటికి సంపాదన తెచ్చే తండ్రి, రెండోది ఆ సంపాదనలో సింహభాగం ఖర్చుపెట్టే కొడుకు. హెచ్‌టీ లైను మీద, అంటే రెక్టిఫైయర్ మిగతా వాల్వులకు పంపే డీసీ మీద, 250 వోల్టులు ఉండాల్సింది 200 ఉందనుకోండి. ఇంట్లో డబ్బు చాలడం లేదంటే తండ్రికి చేతకావడం లేదని ఊరంతా తీర్మానిస్తుంది. కొడుకు జేబు ఎవరూ తడమరు. రేడియో విషయంలో ఆ జేబు తడమడం చాలా సులువు. ఈఎల్84 మూడో పిన్ను కేథోడ్. అక్కడి నుంచి ఛాసిస్‌కు ఒక చిన్న రెసిస్టెన్సు ఉంటుంది. వాల్వు తాగే కరెంటంతా దాని గుండానే పోవాలి కాబట్టి అక్కడి వోల్టేజీ చూస్తే ఖర్చు పద్దు మొత్తం తెలిసిపోతుంది. వాల్వు డేటా ప్రకారం 250 వోల్టుల దగ్గర ప్లేటుకు 48, స్క్రీన్‌కు 5.5 మిల్లీ ఆంపియర్లు. కేథోడ్‌లో 135 ఓములు పెడితే అక్కడ సుమారు 7.3 వోల్టులు రావాలి. 10 వోల్టులు వచ్చాయంటే వాల్వు తాగుతున్నది 74 మిల్లీ ఆంపియర్లన్నమాట. ఈజెడ్80 గరిష్ఠంగా ఇవ్వగలిగింది 90. దాంట్లోంచే మిగతా వాల్వులకూ ఇవ్వాలి. ఇక 250 వోల్టులు ఎక్కడ నిలబడతాయి?

కాబట్టి హెచ్‌టీ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కేథోడ్‌ను కూడా పిలిచి అడగాలి. హెచ్‌టీ తగ్గి కేథోడ్ వోల్టేజీ పెరిగితే సంపాదన బాగానే ఉంది, దుబారా పెరిగింది. రెండూ కలిసి తగ్గితే అప్పుడు రెక్టిఫైయర్‌ను అనుమానించవచ్చు, లేదా దాని పక్కనున్న పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు ఎండిపోయి ఉండవచ్చు. ఎండిపోతే స్పీకర్లోంచి సెకనుకు నూరు మార్ల చొప్పున ఈగల మోత కూడా వినిపిస్తుంది. ఇక ఈఎల్84 నిజంగానే ముసలిదైపోతే జరిగేది లోకం అనుకునేదానికి సరిగ్గా వ్యతిరేకం. ముసలి వాల్వు ఖర్చుపెట్టలేదు, కాబట్టి హెచ్‌టీ పెరుగుతుంది! వోల్టేజీ తగ్గిందని వాల్వు మార్చేవాళ్లు ఈ ఒక్క వాక్యాన్ని పటం కట్టించి బల్ల మీద పెట్టుకోవాలి.

మరి కొడుకును చెడగొట్టిందెవరు? ముందున్న వాల్వు ప్లేటుకూ ఈఎల్84 రెండో పిన్నుకూ, అంటే గ్రిడ్డుకూ, మధ్య కాపలా ఉన్న కండెన్సరు. పాటను పోనివ్వడం, డీసీని ఆపడం దాని ఉద్యోగం. కాగితం చుట్టి మైనంలో ముంచి చేసిన సరుకు కాబట్టి ఏళ్ల తరబడి తేమ తాగి, కొంచెం కొంచెంగా లంచం పుచ్చుకోవడం మొదలుపెడుతుంది. ఎంత కొంచెం? దానిలో 10 మెగా ఓముల లీకేజీ ఉందనుకుందాం. ఇంకెక్కడైనా ఇది లెక్కలోకి రానిది. కానీ అవతల ప్లేటు మీద 100 వోల్టులు, ఇవతల గ్రిడ్డు నుంచి ఛాసిస్‌కు 470 కిలో ఓములు ఉన్నాయి. భాగహారం వేస్తే గ్రిడ్డు మీద నాలుగున్నర వోల్టులు తేలతాయి. సున్నా ఉండాల్సిన చోట నాలుగున్నర! ఆ చిల్లర చేతిలో పడగానే ఈఎల్84 రెచ్చిపోతుంది. ప్లేటు ఓర్చుకోగలిగింది 12 వాట్లయితే దాని మీద దాదాపు 15 వాట్ల భారం పడుతుంది, ధ్వని బొంగురుపోతుంది, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు మీద చెయ్యి ఆననివ్వదు. నేరం కండెన్సరుది, చెమటలు ట్రాన్స్‌ఫార్మరువి, నింద రెక్టిఫైయర్‌ది.

“కొత్త ఈజెడ్80 పెట్టగానే పాట బాగుపడింది కదా, దానికేమంటారు?” అని అడిగేవాళ్లున్నారు. కొత్తది కనుక నాలుగు వోల్టులు ఎక్కువ తెచ్చి ఉంటుంది. తండ్రి ఓవర్‌టైము చేశాడన్నమాట. కొడుకు దాన్నీ ఖర్చుపెడతాడు. ఈ సంతోషం ఎన్నాళ్లుంటుందో ట్రాన్స్‌ఫార్మరులోని వార్నిష్ వాసనను బట్టి తెలుస్తుంది.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మీటరు పట్టుకున్నవాళ్లది. “గ్రిడ్డు దగ్గర కొలిచాం, ఏమీ లేదు. కండెన్సరు తీసి ఓముల్లో చూశాం, ముల్లు కదల్లేదు.” వాళ్లు అబద్ధమాడటం లేదు, వాళ్ల మీటరు ఆడుతోంది. వోల్టుకు 1000 ఓముల మీటరును 10 వోల్టుల రేంజిలో పెడితే దాని లోపలి నిరోధం 10 కిలో ఓములే. దాన్ని 470 కిలో ఓముల చోట తగిలించడమంటే సాక్షి గొంతు నొక్కి పట్టుకుని సాక్ష్యం చెప్పమనడమే. నాలుగున్నర వోల్టులు వోల్టులో పదో వంతు కూడా కనిపించవు. వోల్టుకు 20,000 ఓముల మీటరైతే ఒకటిన్నరకు దగ్గరగా, 10 మెగా ఓముల డిజిటల్ మీటరైతే 4.3 దాకా చూపిస్తాయి. ముగ్గురు సాక్షులు, మూడు కథలు. ఓముల్లో చూడటమంటారా, మీటరులోని చిన్న బ్యాటరీ ముందు బుద్ధిగా ఉండే కండెన్సరు 100 వోల్టుల ముందు ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? అందుకే కేథోడ్ మీద నాకంత గురి. 135 ఓముల చోట ఎంత నాసిరకం మీటరు పెట్టినా పెద్దగా మోసం చేయలేదు. పాత సర్వీసు కాగితాల్లో వోల్టేజీల పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఏ మీటరుతో కొలిచారో రాసి ఉంటే పట్టిక కంటే ముందు అది చదవాలి. లేకపోతే డిజిటల్ మీటరులో అంకె ఎక్కువ వచ్చిందని ఆరోగ్యంగా ఉన్న సెట్టుకు వైద్యం మొదలవుతుంది.

కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో పెట్టుకోవాలని ఇంగ్లిషు పుస్తకాలు చెబుతాయి. ఒక చేతి నుంచి గుండె మీదుగా రెండో చేతికి కరెంటు దారి తీయకుండా. లుంగీకి జేబు ఉండదు కాబట్టి మనవాళ్లు ఆ చెయ్యి వీపు వెనక పెట్టుకోవాలి. ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ-డీసీ సెట్లయితే ఛాసిసే మెయిన్స్‌కు తగిలి ఉంటుంది. ప్లగ్గు ఎటు పెట్టామన్నదాన్ని బట్టి అది తాకదగినదో కాదో తేలుతుంది. అక్కడ హాస్యం పనికిరాదు.

“ఇన్ని లెక్కలెందుకు, కండెన్సర్లన్నీ ఒకేసారి మార్చేస్తే పోలా?” అనేవాళ్లది సగం న్యాయమే. ఆ గ్రిడ్డు కండెన్సరును మాత్రం విచారణ లేకుండానే మార్చవచ్చు. కానీ అన్నిటినీ ఒక్క బిగిన పీకి కట్టేవాడు ఒక తీగ పక్క ట్యాగుకు అతికిస్తే, పాత జబ్బూ కొత్త తప్పూ కలగాపులగమై మోకాలికీ బోడిగుండుకీ ముడిపడుతుంది. పైగా మార్చాక కూడా గ్రిడ్డు మీద వోల్టులు తేలుతూంటే? అప్పుడు కండెన్సరు ఒక కాలు విప్పి చూడాలి. విప్పినా వోల్టులు పోకపోతే ఈఎల్84 లోపలే గాలి చేరిందన్నమాట. ఆ ఒక్క సందర్భంలో వాల్వుకు శిక్ష వేయండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఇక అన్నిచోట్లా వోల్టేజీలు ఒకే పాళ్లలో తగ్గితే, హీటర్ల 6.3 వోల్టులతో సహా, రేడియోను వదిలేసి గోడ వైపు చూడాలి. సాయంత్రం పొలాల్లో మోటార్లు నడుస్తుంటే పల్లెలో బల్బు ఎలా మినుకుతుందో తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

చివరగా మిగిలింది పెట్టె నెత్తిన ఒకటి మొట్టే సనాతన పద్ధతి. దానికీ శాస్త్రం ఉంది. సాకెట్టులో పిన్ను తుప్పు పట్టినా, టంకం వదులైనా దెబ్బకు దారికొస్తాయి. 10 మెగా ఓముల లీకేజీ మాత్రం దెబ్బలకు లొంగదు. పైగా ఆ అదురుకు డయల్ తాడు చక్రం మీంచి జారిపోతుంది. రెండు స్ప్రింగులు, అయిదారు కప్పీల మీదుగా దాన్ని మళ్లీ ఎక్కించడమెలాగో చెప్పాలంటే ఇంకో వ్యాసం రాయాలి, దానికి బొమ్మలు కూడా కావాలి.