కోపుకు కుదిరిన పాట

కోలాటం మాస్టారికి పాట వినిపించి "బాగుందా?" అని అడగకూడదు. బాగుందనే అంటారు. "పెడదామా?" అని అడగాలి. అప్పుడు కళ్ళు మూసుకుంటారు. కుడిచేతి రెండు వేళ్ళు మోకాలి మీద దరువు మొదలుపెడతాయి. ఎడమకాలి బొటనవేలు చెప్పులోంచి బయటికొచ్చి దానికి వంత పాడుతుంది. పల్లవి రెండోసారి తిరిగేసరికి తీర్పు వచ్చేస్తుంది.

"గొప్ప పాటమ్మా. పనికిరాదు."

మార్కాపురం, తర్లుపాడు, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల ఇలాంటి మాస్టారు కాలుపెట్టని రామాలయం అరుదు. మిరపకోతల నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఇంత తిని, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి ఎనిమిదింటికి గుడి ముందు ట్యూబులైటు కింద చేరతారు. మాస్టారు మెడలో ఈల, చేతిలో మువ్వల కోలలు, చంకలో పలక. ఇంటికింతని పోగేసిన డబ్బు ఆయన జీతం, వంతులవారీగా ఇళ్ళ నుంచి వచ్చేది భోజనం. ఏ ఇంట్లో గోంగూర బాగా కుదిరితే ఆ ఇంటావిడ తెచ్చిన పాటకు రెండో విచారణ ఉంటుందని గిట్టనివాళ్ళు అంటారు. అది అబద్ధం. గోంగూర రెండోసారి వడ్డించుకుని మరీ పాటను తిప్పి పంపిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

పాటకు ఆయన పెట్టే పరీక్షలు మూడు. ఎత్తుగడ తాళం మీద పడాలి. అర దరువు ఆగి ఎత్తుకునే పాట కచేరీకి అందం, కోలాటానికి గండం. ముందు వరస కోల కొట్టేస్తుంది, వెనక వరస ఇంకా ఆలోచిస్తుంటుంది. రెండోది నడక. తకధిమి గానీ తకిట గానీ మొదటినుంచీ చివరిదాకా ఒకటే ఉండాలి. మూడోది చరణం పొడవు. కోపు, అంటే ఆటలో ఒక అడుగుల వరస, సగంలో ఉండగా చరణం అయిపోతే పదహారు మంది పదహారు దిక్కులు చూస్తారు.

ఈ మూడింటి ముందు ఎంతటివారికీ మినహాయింపు లేదు. రామదాసు కీర్తనలు చాలావరకు గట్టెక్కుతాయి. నారాయణ తీర్థుల తరంగాలంటే ఆయనకు ప్రాణం, వాటికి కాళ్ళున్నాయంటారు. బ్రహ్మంగారి తత్వాల దగ్గర మాత్రం చేతులు జోడిస్తారు. "వాటికి కోల కొడితే వైరాగ్యం పారిపోద్దమ్మా. కూర్చుని పాడుకోండి." అన్నమయ్య విషయంలో పేచీ 1997 నుంచి ఉంది. ఆ ఏడు సినిమా వచ్చాక ఆడవాళ్ళంతా కీర్తనను సినిమాలో విన్నట్టే కావాలంటారు. మధ్యలో వయొలిన్లు వాయించేసేపు మనం ఏం చేస్తామని ఆయన ప్రశ్న. "ఆ వయొలిన్ల కాడ హీరో నడుస్తా ఉంటాడు. నువ్వేం నడుస్తావు, చుట్టూ జనం ఉంటే?"

అసలు చిక్కు మనుషుల్తో. ఇప్పటి పిల్లలు ఫోనులో ఏదో డీజే పాట తెచ్చి, అందులో రాముడి పేరుంది చూడమంటారు. మాస్టారు వింటారు. "రాముడున్నాడు. పరిగెత్తతా ఉన్నాడు. మీ అత్త పరిగెత్తద్దా?" ఆ ఒక్క మాటతో పాట పోతుంది, అత్తాకోడళ్ళ మధ్య కొత్త గొడవ వస్తుంది. ఇంకొన్నిచోట్ల ఊరి పెద్ద వచ్చి తమ నాయకుడి మీద కట్టిన పాట ఒకటి పెట్టమంటాడు. ఊళ్ళో రెండు పార్టీలు. భోజనం వంతులు రెండు పార్టీల ఇళ్ళలోనూ ఉన్నాయి. మాస్టారు వేళ్ళతో దరువు వేసి, బాధగా తల ఊపుతారు. "పేరు పొడుగైపోయిందయ్యా, తాళంలో పట్టట్లేదు. ఇంటిపేరు తీసేస్తే చూద్దాం." ఇంటిపేరు తీసే ధైర్యం ఎవరికీ ఉండదు. మర్నాడు అవతలి పార్టీ ఆయన వస్తే, ఆ నాయకుడి పేరు మరీ పొట్టిదవుతుంది.

ఒక ఊరికి నచ్చింది ఇంకో ఊరికి నచ్చకపోవడం మరో తలనొప్పి. ఒంగోలు కేంద్రంగా 1970లో కొత్త జిల్లా కట్టేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లావి. కాగితాల మీద ఎప్పుడో కోస్తాలో కలిశాయిగానీ, కాళ్ళు ఇంకా అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయని మాస్టారి సిద్ధాంతం. నల్లమల అంచున దిగువమెట్ట వైపు వెళ్తే మగవాళ్ళ చెక్కభజన చూసి పెరిగిన పెద్దలు ముందు వరసలో కూర్చుంటారు. వాళ్ళకు ఎగిరి దూకే పాట కావాలి. పొదిలి వైపు వస్తే మెల్లగా మొదలై ఊపందుకోవాలి. అందుకే ఆయన ఏ ఊరికి ఆ ఊరికి వరస మారుస్తారు. గణపతి ప్రార్థన మొదట, మంగళహారతి చివర, ఈ రెండే కదలవు. మధ్యలోవన్నీ పలక మీద బలపంతో రాసి, ఉమ్మి తడితో చెరిపి, మళ్ళీ రాస్తారు. ఆ పలక మార్కాపురం రాతిదే. ఊళ్ళకు ఊళ్ళు పలకల పరిశ్రమ మీద బతికిన రోజుల్లో కొన్నది. వాట్సాప్‌లో పంపమంటే, "ఫోన్లో చెరిపితే తృప్తి ఉండదు" అంటారు.

పలక మీద చుట్టూ గీత గీసి రాసేది జడకోపు పాట. మాస్టారి విద్యంతా ఇక్కడే బయటపడుతుంది. నడుమ గడ, దాని కొసనుంచి రంగురంగుల తాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క కొస. పాటకు సగం మంది ఇటూ సగం మంది అటూ ఒకరి కింద ఒకరు దూరుతూ తిరిగితే తాళ్ళు జడలా అల్లుకుంటాయి. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. కానీ అల్లిన జడ విప్పాలి కదా! ఎన్ని చుట్లు అల్లారో అన్ని చుట్లూ వెనక్కి తిరగాలి, అదే నడకలో. కాబట్టి ఈ పాటకు భక్తి, రాగం, కవిత్వం అన్నీ తర్వాత. ముందు చరణాలు సరిసంఖ్యలో ఉండాలి. రెండు అల్లడానికి, రెండు విప్పడానికి. మూడు చరణాల పాట ఎంత గొప్పదైనా ఆయన దృష్టిలో అది సగం విప్పిన జడ. ఎవరో ముచ్చటపడి మూడు చరణాల కీర్తన పట్టుబట్టి పెట్టించిన ఊళ్ళో పాట అయిపోయింది, హారతి వెలిగింది, ఆడవాళ్ళు మాత్రం గడకు కట్టేసినట్టు నిలబడ్డారు. మాస్టారు ఈల నోట్లోంచి తీసి, ఆ కీర్తన తెచ్చినాయన వైపు తిరిగారు. "నాలుగో చరణం మీరే కట్టండి. ఇప్పుడే."

ఇదేదో మన పల్లెల పిచ్చి అనుకోనక్కర్లేదు. ఐర్లండులో నాలుగు జంటలు చదరంగా నిలబడి ఆడే సెట్ డాన్సులుంటాయి. అందులోనూ కోపులే, వాళ్ళు ఫిగర్లంటారు. ఒక ప్రాంతం ఆటకు రీలు పడాలి, ఇంకో ప్రాంతం ఆటకు పోల్కా పడాలి, కొన్నిటికి తకిట తకిట అని నడిచే జిగ్గు కావాలి. క్లేర్ ప్రాంతంలో 1909లో మొదలైన కిల్‌ఫెనోరా కేలీ బ్యాండు నూరేళ్ళు దాటినా ఇంకా వాయిస్తోంది. ఎంత పేరున్న వాద్యగాడైనా అక్కడ ఆడేవాళ్ళ పాదాల కింద వాయించాల్సిందే. మన మాస్టారిని తీసుకెళ్ళి అక్కడ దింపితే భాష రాక టీ కూడా అడగలేరు. సాయంత్రానికల్లా ఒక పోల్కాను మాత్రం తిప్పి పంపుతారు.

వృత్తి ఒంటికి పట్టినవాళ్ళకు సెలవుండదు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కితే, పట్టాల అతుకుల చప్పుడుకు ఏ కోపు నప్పుతుందో కంభం దాకా చూస్తారు. చెన్నకేశవస్వామి తిరునాళ్ళలో రథం కదుల్తుంటే జనం గోవిందా అంటారు, ఈయన తాడు లాగేవాళ్ళ అడుగులు కలవట్లేదని గొణుగుతారు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి గుండె సరిగ్గానే కొట్టుకుంటోందంటే, "తాళం సరే, నడక ఎట్టా ఉంది?" అని అడుగుతారు. ఇంత చాదస్తుడని తెలిసీ ఊళ్ళు ఆయన్నే ఎందుకు పిలుస్తాయంటే, మోకాళ్ళ నొప్పులతో పొద్దుటిపూట బిందె ఎత్తలేని మనిషి రాత్రి ఆయన పాటకు గంటసేపు తిరుగుతుంది. పాట ఆమె కాలికంటే ఒక్క వెంట్రుక వెనకగా ఉంటుంది మరి.

కూతురి పెళ్ళిలోనూ ఇదే తంతు. ఎదుర్కోలుకు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ పెళ్ళికూతురి తండ్రి, మగపెళ్ళివారి బ్యాండు వినగానే కాయ బావమరిది చేతిలో పెట్టి క్లారినెట్ ఆయన దగ్గరికి నడిచారు.

"ఏం పాటయ్యా ఇది? వియ్యపురాలు చూడు, అడుగు పడటంలా."

"పెళ్ళివారు అడిగిన పాటేనండీ."

"నోరు అడుగుద్దయ్యా. కాళ్ళు ఒప్పుకోవాలిగా!"

పాట మారింది. వియ్యపురాలి వెనక ముసలివాళ్ళందరూ కదిలారు. మేళం ముహూర్తానికి ముప్పావుగంట ముందే పందిట్లోకొచ్చేసింది. తన సర్వీసులో ఇది మొదటిసారని పురోహితుడు వాచీ చూసుకున్నాడు. తలంబ్రాల వేళ ఆయన మంత్రం కాస్త సాగదీసి చదువుతుంటే మాస్టారి వేళ్ళు పట్టుపంచె మీద దరువు అందుకున్నాయి. నోరు తెరవబోయి భార్య చూపు చూసి ఊరుకున్నారు. మంత్రం దాని నడకన అది సాగింది.